కారుకి “పాలిష్” అంటే అరగదీయడమా, పూత పెట్టడమా?

విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరు ఆటోనగర్‌లోనో కారు ఆపి “పాలిష్ కొట్టండి” అంటే ఆ మాటకి కనీసం మూడు అర్థాలున్నాయి. ఒక షాపులో రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి బఫింగ్ మెషిన్ తిప్పుతారు. పక్క షాపులో తెల్లటి ద్రవం స్పాంజితో పూసి గుడ్డతో తుడిచేస్తారు. మూడో షాపులో “టెఫ్లాన్ కోటింగ్” అని బిల్లు రాస్తారు. సాయంత్రానికి మూడు కార్లూ ఒకేలా మెరుస్తాయి. కానీ మొదటి కారు పెయింటు కొంత అరిగిపోయింది. రెండోదాని మీద ఒక పూత చేరింది. మూడోదానికి ఏం జరిగిందో వాడిన సీసా చూస్తేగానీ చెప్పలేం.

మొజాయిక్ గచ్చుకి పాలిష్ పట్టడం చూసినవాళ్లకి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి రాళ్లు, చివర్లో మైనం. గరుకు రాయి ఎగుడుదిగుళ్లని కోస్తుంది. నున్నటి రాయి ఆ గరుకు రాయి పెట్టిన గీతల్ని తీస్తుంది. మైనం దేన్నీ కోయదు, పైన కూర్చుంటుంది. కాంపౌండు, పాలిష్, వ్యాక్స్ సరిగ్గా ఈ వరసే. అయితే గచ్చు మందం మిల్లీమీటర్లలో ఉంటుంది, కారు మీద మనం అరగదీసే పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, అంటే మైక్రాన్లలో ఉంటుంది. తేడా అంతా అక్కడే వస్తుంది.

కంపెనీ నుంచి వచ్చిన కారుకి పెయింటు మొత్తం కలిపి మామూలుగా 90 నుంచి 140 మైక్రాన్లు. రేకుని తుప్పు నుంచి కాపాడే ఎలక్ట్రోకోట్ సుమారు 20, దాని మీద ప్రైమర్ 30 చిల్లర, ఆపైన రంగు 15–20, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ 35 నుంచి 50. మనకి కనిపించే మెరుపంతా ఈ చివరి పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే రసాయనాలు ఉండేదీ అందులోనే. తల వెంట్రుక కంటే పల్చటి పొర ఇది. కారు జీవితకాలం మొత్తం మీద ఇందులోంచి 8–10 మైక్రాన్లకు మించి తీయకూడదన్నది పని తెలిసినవాళ్ల లెక్క. ఉన్ని ప్యాడ్‌తో, ముతక కాంపౌండ్‌తో ఒక్కసారి గట్టిగా రబ్బింగ్ కొడితే 2 నుంచి 5 మైక్రాన్లు పోవచ్చు. “ఏడాదికోసారి దసరాకి రబ్బింగ్” అనే అలవాటు ఎక్కడికి దారి తీస్తుందో ఈ లెక్కే చెబుతుంది: నాలుగైదేళ్లకి బానెట్ మీద, టాప్ మీద పాలు విరిగినట్టు తెల్లటి మచ్చలు, తర్వాత పొరలు పొరలుగా ఊడటం. ఆ దశకి వచ్చిన క్లియర్ కోట్‌ని ఏ పాలిషూ బాగుచేయలేదు. రీపెయింటే దిక్కు.

మరి ఆ అలవాటు ఎలా వచ్చింది? ఆటోనగర్ పెయింటర్లు ఎన్.సి. పెయింటు అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ నుంచి వచ్చింది. అది ఆరాక మసకగా, కాంతిహీనంగా ఉంటుంది. వాటర్ పేపరు పట్టి, కాంపౌండ్‌తో రుద్దితేనే మెరుపు తేలుతుంది. అంబాసిడర్ల కాలంలో రబ్బింగ్ తప్పు కాదు, పెయింటింగ్‌లో అదొక భాగం. ఇప్పటి పి.యు. (పాలీయూరిథేన్) పెయింటుకి, కంపెనీలో కాల్చి పెట్టే క్లియర్ కోట్‌కి ఆ అవసరం లేదు. పద్ధతి పాతదే మిగిలింది, పెయింటు మాత్రం మారిపోయింది. మీ కారుకి ఎక్కడైనా రీపెయింట్ పడి, అది ఎన్.సి.నా పి.యు.నా అని అనుమానమొస్తే, కనపడని మూల థిన్నర్‌లో తడిపిన గుడ్డతో కొద్దిగా అద్దండి. ఎన్.సి. అయితే రంగు కరిగి గుడ్డకి అంటుకుంటుంది.

సీసా ఏది, లోపల సరుకు ఏది

సీసా మీద పేరుని నమ్ముకుంటే మోసపోతాం. “లిక్విడ్ పాలిష్” అని అమ్మే వాటిలో కొన్ని ఒట్టి వ్యాక్సులు. “క్లీనర్ వ్యాక్స్” అనే వాటిలో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, కాబట్టి అవి కోస్తాయి, పూత కూడా పెడతాయి. “గ్లేజ్” అనేది గీతల్ని తీయదు, నూనెలతో నింపి కనపడకుండా చేస్తుంది. రెండు మూడు వాషులయ్యాక గీతలు మళ్లీ ప్రత్యక్షం. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేముందు ఎక్కువమంది కొట్టించేది ఇదే, కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. పాత సీడీ మెరిసే వైపు రెండు చుక్కలు వేసి గుడ్డతో పది పదిహేను సార్లు రుద్దండి. మసకబారితే అందులో రాపిడి పొడి ఉన్నట్టే. మసక ఎంత ఎక్కువైతే అంత ముతక. మంచి కంపెనీలు సీసా మీదే కోత, ముగింపు అని రెండు అంకెలు వేస్తాయి: కోత అంకె పెద్దదైతే కాంపౌండు, ముగింపు అంకె పెద్దదైతే పాలిష్.

ఇంకో తేడా పొడి స్వభావంలో ఉంది. పాత తరహా రాపిడి పొడి రుద్దేకొద్దీ చితికి సన్నబడుతుంది, పూర్తిగా చితికే దాకా రుద్దకపోతే ముతక గీతలు మిగులుతాయి. కొత్త తరహాది మొదటినుంచీ ఒకే సైజులో ఉంటుంది, దానికి ఆ లెక్క అక్కర్లేదు. చేత్తో రుద్దేవాళ్లకి ఈ రెండోది నయం, ఎందుకంటే చేతికి మెషిన్‌కి ఉన్నంత వేగమూ ఓపికా ఉండవు. మాటలో మాట, టూత్‌పేస్టుతో గీతలు పోతాయనే వీడియోల్లో నిజం ఇంతే: అందులో పళ్లకి ఉద్దేశించిన రాపిడి పొడి ఉంటుంది. పెయింటుకి అది ఏ సైజో ఎవరూ లెక్కగట్టి పెట్టలేదు.

పెయింటర్లకి మాత్రం సీసా మీద ఇంకో మాట ముఖ్యం: సిలికాన్ లేనిదా కాదా. రేకు మీద సిలికాన్ ఆనవాలు ఉంటే కొత్త పెయింటు అక్కడ పట్టదు, చేప కళ్లలా గుంటలు గుంటలుగా విచ్చుకుంటుంది. టచప్‌కి వెళ్లబోతున్న కారుకి ముందురోజు వ్యాక్స్ పూయకండి, పూసి ఉంటే పెయింటర్‌కి చెప్పండి.

ముందు కడగాలి, తర్వాతే తేల్చుకోవాలి

మన ఊళ్లలో “గీతలు పడ్డాయి, పాలిష్ కావాలి” అని వచ్చే కార్లలో చాలావాటికి అసలు జబ్బు పెయింటు మీద అతుక్కున్న మురికి. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మెల్లగా నిమరండి. గరగరలాడితే పైన ఏదో అతుక్కుని ఉంది, దాన్ని కోయడం కాదు, ఊడదీయాలి.

అది ఏమిటన్నది మీరు బండి ఎక్కడ ఆపుతారన్న దాన్ని బట్టి. విజయవాడలో రైలు పట్టాల పక్క వీధుల్లో నిలిపే తెల్ల కార్ల మీద సన్నటి గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. రైలు బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను అది, పెయింటులో దిగి తుప్పు పడుతుంది. ఐరన్ రిమూవర్ స్ప్రే కొట్టి నీడలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచితే ఊదారంగుకి తిరిగి కారిపోతుంది. ఆరిపోనివ్వకుండా కడిగేయాలి. వాసన భరించడం కష్టం, ముందే చెబుతున్నాం. ఇబ్రహీంపట్నం థర్మల్ వైపు రోజూ తిరిగే కార్ల మీద బూడిద, అమరావతి పనుల వైపు వెళ్లే వాటి మీద సిమెంటు. గుంటూరు మిర్చియార్డు దారిలో ఘాటు మన ముక్కుకే, పెయింటుని ఏమీ చేయదు. టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు లేపే దుమ్ము మాత్రం చేస్తుంది.

బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేసిన కార్ల మీద తెల్లటి ఉప్పు చుక్కలు తేలతాయి. తాజావైతే వైట్ వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాలాగి కడిగేస్తే పోతాయి. నెలల తరబడి ఎండలో కాలి గుంట పడితే అప్పుడు పాలిష్ తప్పదు. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు పారబోయడమెందుకని కారు కడగడానికి పట్టి ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. పొదుపు మంచిదే, కానీ ఆ నీళ్లలో మెషిన్‌లోకి వెళ్లిన నీళ్లకంటే కూడా ఉప్పు ఎక్కువ. అవి నేల కడగడానికి వాడుకోండి. కారుకి కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు మేలు.

ఇవన్నీ అయ్యాక కూడా గరుకు మిగిలితే క్లే బార్, అంటే మురికిని అంటించుకుని లాగేసే మెత్తటి బంకముద్ద. 100 గ్రాముల ముద్దలో సగం తుంచి చేతిలో బిళ్లలా నొక్కి, షాంపూ నీళ్లు బాగా చిమ్ముతూ తిన్నగా, బరువు వేయకుండా జరపాలి. గుండ్రంగా తిప్పకూడదు. మురికి పట్టినప్పుడల్లా మడత మార్చాలి. కింద పడితే మళ్లీ వాడొద్దు, అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు డోరంతా గీరేయడానికి.

ఇప్పుడు ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు కనిపిస్తే పాలిష్‌తో పోతాయి. ఒంటరి గీత మీద గోరు అడ్డంగా లాగితే గోరు దిగబడుతోందా? అయితే అది క్లియర్ కోట్‌లో బాగా లోతుకి దిగిన గీత, దాన్ని రుద్ది చదును చేయాలంటే చుట్టుపక్కల పొరంతా పోవాలి. టచప్ పెన్నుతో నింపి వదిలేయడమే తెలివి.

పెయింటు మందం కొలిచే గేజ్ ఉన్న షాపులో పని చేయించుకోగలిగితే మంచిది. 90–140 మధ్య చూపిస్తే కంపెనీ పెయింటు, 200–300 చూపిస్తే రీపెయింట్, 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయదు. ఇంకో సంగతి, గేజ్ మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోట్ ఎంత మిగిలిందో చెప్పదు.

మెషిన్ పని

గోటితో పోయేదానికి గొడ్డలి వద్దన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బానెట్ మీద అడుగున్నర చదరం టేపుతో గీసుకుని, ముందు మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తో ప్రయత్నించండి. గీతలు 70–80 శాతం పోతే చాలు, కారంతా దాంతోనే చేయండి. పోకపోతే పాలిష్ అదే ఉంచి ప్యాడ్ గట్టిది మార్చండి. అప్పటికీ లొంగకపోతేనే కాంపౌండ్. చాలా కార్లకి కాంపౌండు డబ్బా మూత తెరవాల్సిన పని పడదు. నూటికి నూరు పాళ్లు గీతలు పోవాలని పట్టుబట్టేవాళ్లు ఆ చివరి నాలుగైదు గీతల కోసమే క్లియర్ కోట్ ఎక్కువ పోగొట్టుకుంటారు.

మెషిన్లు రెండు రకాలు. రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. వేగంగా కోస్తుంది, వేడి పుట్టిస్తుంది, ఒకేచోట నిలిపితే పెయింటు కాల్చేస్తుంది. ఎండలో చూస్తే కదిలే నీడల్లా కనిపించే హోలోగ్రాములు దీని గుర్తులే. డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది కాబట్టి వేడి తక్కువ, కొత్తవాళ్ల చేతిలో ప్రమాదమూ తక్కువ. సొంతంగా చేసుకునేవాళ్లు డీఏ తప్ప ఇంకోటి కొనకండి. రోటరీ తిప్పే షాపుకిస్తే, చివర్లో మెత్తటి ప్యాడ్‌తో, సన్నటి పాలిష్‌తో రెండో విడత చేస్తారా అని ముందే అడగండి. ఆ రెండో విడత ఎగ్గొట్టడం వల్లే నల్ల కార్లు పాలిష్ తర్వాత పాలిష్ ముందుకంటే అధ్వాన్నంగా కనిపిస్తాయి.

ఐదంగుళాల ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగైదు, ప్యాడ్ తడిశాక మూడు చాలు. అడుగున్నర చదరం మించి ఒక విడతలో తీసుకోవద్దు. ముందు ప్యాడ్‌తో అద్ది, వేగం 1 మీద పరచాలి, లేకపోతే మందు గోడలకి చిమ్ముతుంది. తర్వాత వేగం 4 లేదా 5. చేయి మాత్రం నెమ్మదిగా, సెకనుకి అంగుళం చొప్పున జరగాలి. ప్రతి వరసా పక్క వరస మీద సగం ఎక్కాలి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు. చాలామంది మెషిన్ వేగంగా తిరుగుతోంది కదా అని చేతిని కూడా ఇస్త్రీ పెట్టెలా పరుగెత్తిస్తారు. దాంతో మందు ఖర్చవుతుంది, గీతలు అలాగే ఉంటాయి.

నొక్కుడు ఎంత? బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. పని చేస్తుండగా ఆ గీత తిరుగుతూ కనిపించాలి. తిరగడం ఆగి ఊగడం మాత్రమే మిగిలితే బరువు ఎక్కువ వేశారని అర్థం. ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో దులపాలి. రెండు మూడు ప్యానెళ్లకి ప్యాడ్ మార్చాలి. కారంతటికీ ఒకే ప్యాడ్ వాడితే ఊడొచ్చిన పెయింటు పొడి అందులో గట్టిపడి కొత్త గీతలు పెడుతుంది.

డోర్ అంచులు, బానెట్ మీది మడతలు, హ్యాండిల్ చుట్టూ పెయింటు పల్చగా ఉంటుంది. అక్కడ మాస్కింగ్ టేపు వేసి, చివర్లో టేపు తీసి చేత్తో రెండు మూడు సార్లు రాస్తే చాలు. ప్లాస్టిక్ బంపర్ వేడిని పక్కకి పంపలేదు, రేకు కంటే తొందరగా వేడెక్కుతుంది. అక్కడ వేగం ఒక మెట్టు తగ్గించండి. మ్యాట్ ఫినిష్ కార్లకి ఈ పనులేవీ వద్దు, ఒకసారి మెరుపు తేలితే దాన్ని వెనక్కి తేలేం.

ఇక మన ఎండ. మేలో ఆరుబయట నిలిపిన కారు బానెట్ మీద చేయి పెట్టలేం. అలాంటి రేకు మీద పాలిష్ పడగానే ఎండి పొడిగా లేస్తుంది, ప్యాడ్‌కి ముద్దలు కడుతుంది. మందు నాసిరకమని తిట్టుకుంటాం గానీ తప్పు రేకు వేడిది. ఉదయం ఆరింటికి నీడలో మొదలుపెట్టి తొమ్మిదిలోపు రెండు ప్యానెళ్లు చేసుకుని, మిగతావి మర్నాడు చేసుకోవడం వేసవి పద్ధతి. ఫ్యాను గాలి నేరుగా రేకు మీదికి కొట్టనివ్వద్దు.

పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకి ఆరు వంతుల నీళ్లు కలిపి తుడిచి, మళ్లీ టార్చి వేసి చూడండి. పాలిష్‌లోని నూనెలు దాచిపెట్టిన గీతలు అప్పుడు బయటపడతాయి. షాపులో డబ్బు చెల్లించేముందు అడగాల్సిన పరీక్ష కూడా ఇదే.

పైన పెట్టే పూత

పాలిష్ పెట్టిన పెయింటు బోసిగా ఉంటుంది. అదే రోజు పూత పడాలి. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, 82–86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుందని చెబుతారు. మన ఎండలకి తక్కువ అంకెనే నమ్ముకోవడం మంచిది. చిన్న కారు మొత్తానికి 15–20 గ్రాములు చాలు. మందంగా పూస్తే ఎక్కువ రోజులుండదు, తుడవడానికి చేతులు నొప్పి పుడతాయి, అంతే. పది పదిహేను నిమిషాలాగి వేలితో గీస్తే పొడిలా రావాలి, జిగటగా సాగితే ఇంకా ఆరలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. నల్ల ప్లాస్టిక్ బీడింగుల మీద పడితే తెల్ల మరకలు పట్టుకుని వదలవు, ముందే టేపు వేయండి.

సింథటిక్ సీలెంట్‌కి కార్నౌబా ఇచ్చే లోతైన నిగారింపు ఉండదు గానీ నాలుగైదు నెలలు ఉంటుంది, ఎండని బాగా తట్టుకుంటుంది. రోజూ బయట నిలిపే కారుకి మా ఓటు దీనికే. వానలు దిగకముందు మే చివర ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి. రెండూ కావాలంటే సీలెంట్ కింద, వ్యాక్స్ పైన. తిరగేస్తే సీలెంట్ పెయింటుకి పట్టుకోదు. కొత్తగా రీపెయింట్ వేయించిన ప్యానెల్‌కి మాత్రం రెండు మూడు నెలలాగండి. పెయింటులోని సాల్వెంటు బయటికి పోవాలి, పూత దాన్ని లోపలే బంధిస్తుంది.

“టెఫ్లాన్ కోటింగ్” గురించి ఒక్క అంకె చాలు. టెఫ్లాన్ కరిగేది 327 డిగ్రీల దగ్గర. పెనానికి దాన్ని పట్టించేది అంత వేడిలో కాల్చే. కారుని అలా కాల్చలేం కాబట్టి ఆ పేరుతో పూసేది ఇంకో రకం సీలెంట్ మాత్రమే. దానికి తగ్గ ధరే ఇవ్వండి.

సెరామిక్ కోటింగ్ నిజంగానే వేరు. సిలికా ఆధారంగా గట్టిపడే పొర, సరిగ్గా వేస్తే ఒకటి నుంచి మూడేళ్లు. కానీ దాని గట్టిదనం గురించి గొప్పగా చెప్పే “9హెచ్” అంటే పెన్సిల్ కొలత, వజ్రాల కొలత కాదు. గోడకి రాసుకుంటే గీత పడుతుంది. కింద ఉన్న గీతల్ని అది తీయదు, అద్దంలో బిగించినట్టు అలాగే ఉంచేస్తుంది, అందుకే పాలిష్ పని బాగా చేయకుండా సెరామిక్ వేయించడం దండగ. బోరు నీళ్ల చుక్కలు దాని మీద కూడా పడతాయి.

ఏ పూతైనా ముందుగా పాడయ్యేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే. తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్లతో పది కార్లు తుడిచే గుడ్డ, లేదా ఆ నీళ్లు కూడా లేకుండా దుమ్ము దులిపే గుడ్డ: సాలెగూడు గీతలకి మూలం అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక సింగ్‌నగర్ వైపు కార్ల మీద మిగిలిన ఒండ్రు లాంటిదైతే ఎండాక గుడ్డ తగలనే కూడదు, ధారగా నీళ్లు పోసి జారిపోనివ్వాలి. రోజూ తుడిపించడం మాని వారానికోసారి రెండు బకెట్లతో కడగండి, ఒకటి షాంపూది, ఒకటి గుడ్డ జాడించేది. బట్టల సబ్బు పొడి, గిన్నెల సబ్బు వ్యాక్స్‌ని ఊడ్చేస్తాయి. కొంగల రెట్ట, కాకి రెట్ట పడితే ఆ పూటే తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి ఎత్తేయాలి. వేసవిలో సాయంత్రం దాకా వదిలితే అచ్చు దిగుతుంది.

కొత్త కారుకి దుర్గగుడి దగ్గర పూజ చేయించాక తెల్ల బానెట్ మీద పసుపు మరక మిగిలితే కాంపౌండ్ కోసం పరుగెత్తకండి. సబ్బు పొడి నీళ్లు అసలే వద్దు, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పొడిగా ఉన్నదాన్ని రుద్దకుండా నీళ్లతో కడిగేసి కారుని ఎండలో నిలపండి. పసుపు రంగుకి ఎండంటే పడదు, నాలుగైదు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది.